గుండెకాడ గడ్డ

"బిందె కిందపెట్టు," ఓబులమ్మ పడసాలలో నుంచే అరిచింది. "పెట్టమంటాండానా లేదా? నా కొడుకును పెండ్లాము లేనోణ్ణి చేయల్లని చూస్తాండావా ఏంది?"

కృష్ణవేణమ్మ కిందపెట్టలేదు. బిందెలో నీళ్ళు సగం కూడా లేవు. బావి పెరట్లోనే ఉంది, వంటిల్లు దాని పక్కనే ఉంది. కాపురానికి వచ్చిన మర్నాటి నుంచి ఆ బావిలో నీళ్ళు తోడి ఇంటిల్లిపాదికీ వండి వార్చిన మనిషి ఆమె. ఇప్పుడు సగం బిందె ఎత్తితే దొంగసొత్తు ఎత్తుకుపోతున్నట్టు చూస్తున్నారు.

"నాకేం కాలేదత్తా. చేతులు బాగుండాయి. కాళ్ళు బాగుండాయి."

"చేతులూ కాళ్ళూ ఎవురడిగినారు నిన్ను? గుండె సంగతి చెప్పు."

ఆ మాట వింటేనే కృష్ణవేణమ్మకు ఒళ్ళు మండిపోయింది. గుండె, గుండె, గుండె. ఎండాకాలం ముందు కారు గుద్దుకున్నప్పటి నుంచి ఈ ఇంట్లో దేవుడి పేరైనా అన్నిసార్లు పలకలేదు.

సరిగ్గా అప్పుడే పులివెందుల బస్సు దిగి ఆమె అన్న వెంకటరమణయ్య లోపలికి వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో చెల్లెలికి ఇష్టమని తెచ్చిన బొరుగుల ఉండల మూట. చెల్లెలి చంకలో బిందె చూడగానే రెండూ నేలమీద పారేసి పరిగెత్తి బిందె లాక్కున్నాడు. నీళ్ళన్నీ అతని పంచెమీదనే పడ్డాయి.

"ఏం పాపా, ఇది పనేనా? బావ కబురంపితే ప్రాణం ఉగ్గబట్టుకోని వచ్చినా. నువ్వు జూస్తే నీళ్ళు మోస్తాండావు."

"మోయకేం జేసేదన్నా? పొద్దంతా మంచం మీద పడుకోని దూలాలు లెక్క పెట్టల్లనా?"

"పెట్టు. ఎవురొద్దన్నారు. గుండె జబ్బు మనిషికి అంతకంటే మంచి పని యాడుండాది?"

కృష్ణవేణమ్మ అన్న కూడానా అనుకుంది.

ఈ గుండె జబ్బు ఎట్లా పుట్టిందో ఆమెకు ఒక్కదానికే తెలుసు. అసలు తప్పంతా తన నోటిదేనని నాలుగు నెలలుగా నొచ్చుకుంటూనే ఉంది. పులివెందులలో అన్న కొడుకు పుట్టువెంట్రుకలు తీయించి, గఫూర్ బాడుగ కారులో ప్రొద్దుటూరికి తిరిగివస్తున్నారు. ముద్దనూరు దాటగానే కాడి తెంచుకున్న ఎద్దు ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి గఫూర్ కల్వర్టు గోడకు గుద్దాడు. మొగుడికి నుదురు బొప్పి కట్టింది. వెనక సీట్లో ఉన్న కృష్ణవేణమ్మ ఎగిరివచ్చి ముందు సీటు ఇనుప కమ్మీకి కొట్టుకుంది. ఎడమ పక్క రొమ్మంతా నల్లగా కమిలిపోయింది. కమిలింది పోయాక లోపల గడ్డలు మిగిలాయి.

ఆ సంగతి అత్తతో చెప్పాలి. ఎట్లా చెప్పడం? చంటిబిడ్డ ఉన్న రోజుల్లో ఆడవాళ్ళు 'పాలు' అంటారు. బిడ్డ పాలు మానేశాక ఆ చోటికి ఆ ఇంట్లో పేరే లేదు. పేరు లేని చోట నొప్పి పుడితే ఏ ఆడదైనా ఏమంటుంది? కృష్ణవేణమ్మ చేతిని కొంగు మీదనే ఆనించి, "గుండెకాడ గడ్డగా ఉండాదత్తా" అంది.

ఓబులమ్మ గడప దగ్గరికి పోయి కొడుకుతో "గుండెలో గడ్డంట" అంది. కొడుకు బజారుకు పోయి డాక్టరుతో "గుండెకు ఏదో అడ్డం పడిందంట" అన్నాడు. డాక్టరు ఇంటికి వచ్చి, అత్తగారు కాపలా నిలబడి ఉండగా, వీపున రవికె మీదనే గొట్టం పెట్టి విన్నాడు. భయంతో దడదడ కొట్టుకుంటున్న గుండె ఆయనకు వినిపించింది. ఇంకేముంది. టానిక్కు, ఉప్పులేని కూడు, మంచం. మిద్దె మెట్లు ఎక్కకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. మొగుడు మిద్దె పైన పడుకోవాలి, అత్త మంచం పక్కన పడుకోవాలి. గోడగడియారం గంట కొడితే ఉలిక్కిపడుతుందని మొగుడు కాశీవిశ్వనాథం దాన్ని ఆపించేశాడు కూడా. ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దెంతయిందో ఎవరికీ తెలియదు.

మొగుడితో చెప్పకపోలేదు. ఒకనాడు అన్నం పెడుతూ, అత్త వినకుండా, "గుండె లోపల కాదండీ, పైన" అంది. "పైనయితే ఏమి, లోపలయితే ఏమి, గుండె గుండే కదా" అని ఆయన కండ్ల నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత అన్నంలో మజ్జిగకు కూడా ఉప్పు మానేయించాడు.

కాశీవిశ్వనాథం ఆ రోజు గుడ్డల అంగడి తలుపులు తీయకుండా ఇంట్లోనే ఉన్నాడు. బావమరిది రాగానే ఇద్దరూ పడసాలలో చాప మీద కూర్చున్నారు. మంచం మీద కూర్చున్న కృష్ణవేణమ్మ రెండూళ్ళు తగువులాడుకునే చెరువులాగా వాళ్ళ మధ్యన ఉంది, ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

"మద్రాసుకు తీస్కపోదాం బావా," అన్నాడు వెంకటరమణయ్య. "రేపు ముద్దనూరులో రైలెక్కితే సరిపోతాది. మా సడ్డకుడు ఆడే ఉండాడు. గుండెకు పెద్ద డాక్టర్లంతా ఆడే ఉండారంట."

"అంత దూరం రైల్లో కుదుపులకు ఆమె గుండె తట్టుకోవల్ల గదా బావా. బళ్ళారిలో ఒకాయన ఉండాడంట. చెయ్యి పట్టుకుంటేనే చెప్పేస్తాడంట."

"బళ్ళారి రైలు కుదపదా ఏంది?"

"మద్రాసు రైలంత కుదపదు."

"నువ్వు యాడన్నా దూరం పోయినావా? రైలు రైలే."

"నా పెండ్లాం సంగతి నాకు తెలీదా?"

"నా చెల్లెలి సంగతి నాకు తెలీదా?"

కృష్ణవేణమ్మకు తల బద్దలు కొట్టుకోవాలనిపించింది. "నాకు గుండె జబ్బు లేదు," అంది. "నన్ను జమ్మలమడుగుకు తీస్కపోండి. మిషన్ ఆస్పత్రిలో దొరసానమ్మ ఉండాది. ఆమెకు చూపించుకుంటా. అంతే నేను అడిగేది."

ఇద్దరూ ఆమె వైపు జాలిగా చూశారు.

"గుండె జబ్బోళ్ళు అట్లనే అంటారు పాపా," అన్నాడు అన్న. "జబ్బు లేదు లేదంటానే ఉంటారు."

"ఆడోళ్ళ డాక్టరు దగ్గర గుండెకేం పని?" అన్నాడు మొగుడు. "కాన్పులు చేసే ఆమె ఆమె."

వంటింటి గుమ్మంలో నిలబడిన ఓబులమ్మ అందుకుంది. "యాడికీ వద్దు. మద్రాసూ వద్దు, బళ్ళారీ వద్దు, జమ్మలమడుగు అసలే వద్దు. ఇంట్లో పడుకుంటే అదే కరిగిపోతాది. ఆస్పత్రులెంబడి తిప్పి దాన్ని చంపుతారా?"

"కరగడం లేదత్తా," అంది కృష్ణవేణమ్మ. "అదే గదా నేను చెప్పేది."

"నువ్వు గట్టిగా మాట్లాడొద్దు," అని ముగ్గురూ ఒకేసారి అన్నారు.

మాట్లాడొద్దు, నడవొద్దు, మొయ్యొద్దు. కృష్ణవేణమ్మకు ఏడుపు రాలేదు, విసుగుతో నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి మొగుడు భయపడి టానిక్కు సీసా తీసుకొచ్చాడు.

పెరటి తలుపు దగ్గర ఎవరో దగ్గారు. గఫూర్ పెండ్లాం గుల్జార్‌బీ. రెండిండ్ల అవతల ఉంటుంది. కారు గుద్దిన నాటి నుంచి ఓబులమ్మ ఆమెను వంటింటి గడప దాటనివ్వడం లేదు. అయినా ఆమె రావడం మానలేదు. అత్త స్నానానికి పోయిన సమయం చూసి ఒకనాడు కృష్ణవేణమ్మ రవికె ముడి విప్పి చూపించింది ఆమె ఒక్కదానికే. జమ్మలమడుగు దొరసానమ్మ సంగతి చెప్పింది కూడా ఆమే.

"రేపు దొరసానమ్మ ఆస్పత్రిలోనే ఉంటాదంటక్కా," అంది గుల్జార్‌బీ, తల మీద కొంగు సర్దుకుంటూ. "మా ఇంటాయన కనుక్కోనొచ్చినాడు. కారు బాగయింది. పొద్దున్నే పోయి మాపటికి వచ్చేయచ్చు. బాడుగ మాట ఎత్తొద్దన్నాడు."

"ఆ కారెక్కే కదా దీనికి ఈ గతి పట్టింది," అంది ఓబులమ్మ. "మళ్ళీ ఏ మొగంతో ఎక్కమంటాండావు గుల్జారూ?"

గుల్జార్‌బీ ముఖం పాలిపోయింది. తప్పు తన మొగుడిది కాదని ఆమె వాదించవచ్చు. ఎద్దును ఎవరు మాత్రం ఆపగలరు? కానీ వాదించలేదు. ఓబులమ్మను దాటి నేరుగా కాశీవిశ్వనాథంతోనే మాట్లాడింది.

"శెట్టీ, నా మాట వినండి. అక్కకు ఉండేది గుండె జబ్బు కాదు. అది... ఆడోళ్ళ మాట."

కాశీవిశ్వనాథం కండ్లు చిట్లించాడు. "గుండెకు ఆడా మగా ఏందమ్మా?"

"అట్ల గాదు శెట్టీ. గుండె అంటే గుండె కాదు."

"గుండె అంటే గుండె గాక ఏంది?" అన్నాడు వెంకటరమణయ్య.

"గుండె మీద ఉంటాదే... అది."

"గుండె మీద ఏముంటాది?" అన్నాడు కాశీవిశ్వనాథం బావమరిది వైపు తిరిగి. "ఎముక. ఎముక విరిగిందంటావా బావా?"

"ఎముక విరిగినా అది పోయి గుండెకు గుచ్చుకోనుంటాది. అయితే మద్రాసే మేలు."

గుల్జార్‌బీ నిస్సహాయంగా కృష్ణవేణమ్మ వైపు చూసింది. పరాయి మగవాళ్ళ ముందు ఆమె నోటికి కూడా అంతకు మించి రాదు. కృష్ణవేణమ్మ ఒక్కక్షణం కండ్లు మూసుకుంది. ఇక ఇట్లానే వదిలేస్తే వీళ్ళు తనను రైలెక్కించి, దేశమంతా తిప్పి, గొట్టాలు వీపుకే పెట్టించి, చివరికి మంచం మీదనే చంపి, గుండె ఆగి పోయిందని ఊరంతా చెప్పుకుంటారు. రొమ్ము అందామనుకుంది. ఆ మాటా వీళ్ళతో పనికిరాదు. ఎదురొమ్ము అనుకుని ఏదో పట్టు వేయిస్తారు.

"చన్ను," అంది.

ముగ్గురి ముఖాలూ చూసి మళ్ళీ అందుకుంది.

"నా ఎడమ చన్నులో గడ్డుండాది. గుండెలో కాదు. ఎముకలో కాదు. చన్నులో. కారు గుద్దిన కాడి నుంచి ఉండాది. ఇప్పుడన్నా తెలిసిందా మీకు?"

వెంకటరమణయ్య గొడుగు తీసుకుని దాని పిడి వైపు తదేకంగా చూడసాగాడు. కాశీవిశ్వనాథం చేతిలో టానిక్కు సీసా అట్లానే ఉంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అన్న ముందర ఆ మాటేందే," అన్నాడు చివరికి.

"ఇంకో మాట ఉంటే మీరు చెప్పండి. అదే అంటా. నాలుగు నెలల నుంచి వెతుకుతాండా, నాకు దొరకలా."

ఆయనకూ దొరకలేదు. సీసాను కిటికీలో పెట్టాడు. వచ్చి మంచం కోడు పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"పెద్దదా?" అని అడిగాడు. ఈసారి ఆ గొంతులో కోపం లేదు.

"మొదట మూడుండె. రెండు కరిగినాయి. ఒకటి కరగలా. రాయి మాదిరి ఉండాది. పైన చర్మం లోపలికి గుంజుకుంటాండాది. రాచపుండేమోనని నాకు బయ్యంగా ఉండాది. కాదేమో. దెబ్బకు కట్టిన గడ్డేనేమో. ఏదో ఒకటి తెలిసినామె చెప్పల్ల గదా. మీరు నాకు ఉప్పు మాన్పిస్తే అది కరుగుతాదా?"

కాశీవిశ్వనాథం తల వంచుకున్నాడు. నాలుగు నెలలు మిద్దె పైన ఒంటరిగా పడుకుని, కింద పెండ్లాం ఊపిరి ఆగిపోయిందేమోనని మాటిమాటికీ మెట్ల దాకా వచ్చి విని పోయినవాడు ఆయన. అంత ప్రేమ ఉన్నవాడు ఒక్కసారి దగ్గర కూర్చుని ఎక్కడే నొప్పి అని అడిగి ఉంటే ఏం పోయేది? అది తలుచుకుంటే కృష్ణవేణమ్మకు జాలీ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

ఆయన లేచి, గుల్జార్‌బీ వైపు చూడకుండానే, "పొద్దున్నే కారు తెమ్మను," అన్నాడు. "మెల్లగా తోలమను."

గుల్జార్‌బీ కండ్లు తుడుచుకుంటూ పెరటి దారిన పోయింది. కాశీవిశ్వనాథం వీధిలోకి నడిచాడు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయాడు. వెంకటరమణయ్య కూడా, "బావతో పాటు బజారు దాకా పోయొస్తా" అని ఎవరికని కాకుండా చెప్పి, గొడుగు విప్పుకుని వెనకాలే పోయాడు. వాన లేదు, ఎండా లేదు.

కృష్ణవేణమ్మకు ఒళ్ళు తేలికపడినట్టయింది. లేచి వంటింట్లోకి పోయి ఉప్పు జాడీ మూత తీసింది. చిటికెడు ఉప్పు నాలిక మీద వేసుకుంది. ఎంత బాగుందో చెప్పలేం.

"నువ్వు పోవు," అంది వెనక నుంచి ఓబులమ్మ.

"పోతాండానత్తా. ఆయనే పొమ్మన్నాడు."

"వాడికేం తెలుసు. నేను చెప్తాండా. నువ్వా ఆస్పత్రి మెట్లెక్కితే ఈ ఇంటికి మళ్ళీ రావద్దు."

కృష్ణవేణమ్మ జాడీ మూత ఠక్కున పెట్టింది. ఇన్నాళ్ళూ అత్తను ఇట్లా నిలదీసింది లేదు. ఇప్పుడు ఆగలేకపోయింది.

"ఎందుకత్తా? నేను చస్తే నీకేమొస్తాది? గుండెకాడ అంటే నువ్వు గుండెలో అంటివి. పోనీ, సరిగ్గా వినపల్లేదేమో అనుకుంటి. డాక్టరొస్తే అడ్డం నిలబడితివి. ఆయన్ను పైకి పంపించి నా పక్కన నువ్వు పడుకుంటివి. నేను జమ్మలమడుగు అన్నప్పుడంతా కాదంటివి. నేనేం పాపం చేసినా నీకు?"

ఓబులమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, మండని కట్టెను ఒకటి ముందుకు తోసింది.

"చెప్పు. నోరుందిగా."

"నాకు సరిగ్గానే వినపడిందే," అంది ఓబులమ్మ. "గుండెకాడ అంటే యాడో నాకు తెలీదనుకుంటివా? నేను ఆడదాన్ని కాదా?"

కృష్ణవేణమ్మ నివ్వెరపోయింది. "తెలిసి కూడా..."

"తెలిసే అన్నా. మా చిన్నమ్మకు ఇట్లనే గడ్డొచ్చింది. గడ్డ అన్నన్నాళ్ళు అందరితో కలిసి తినింది, అందరితో కలిసి పడుకునింది. ఒకాయన చూసి రాచపుండని పేరు పెట్టినాడు. ఆ పొద్దే ఆమె గిన్నె వేరు జేసినారు, మంచం కొట్టంలో ఏసినారు. కన్నబిడ్డలు పొంతకు రాలా. ఆ పుండుకు చచ్చిందో, ఒంటరిగా పడుండి చచ్చిందో నాకు ఈ పొద్దుకీ తెలీదు. నేను నీ అంత ఉంటి అప్పుడు. సంగటి ముద్ద దూరం నుంచే పెట్టి పరిగెత్తొస్తాంటి."

"అది ఎప్పటి కత అత్తా. ఇప్పుడు మందులుండాయి. కోసి తీసేస్తారంట, బాగయితాదంట."

"పేరు కూడా పెడతారు."

"పెట్టనీ. పేరు పెట్టకపోతే గడ్డ పోతాదా?"

ఓబులమ్మ లేచింది. పెరటి తలుపు మూసింది. పడసాల తలుపు మూసి గడియ పెట్టింది. ఇంట్లో ఎవరూ లేరు, అయినా కొంచెంసేపు చెవి ఒగ్గి విన్నది. తర్వాత కోడలి ముందుకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ ముందు నోరు, వెనక మనిషి అన్నట్టు ఉండే ఓబులమ్మ పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు.

"ఏందత్తా?"

ఓబులమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. పట్టుకున్న చేతిని పైట కిందికి తీసుకుపోయి తన కుడి వైపున, చంకకు దగ్గరగా ఆనించి గట్టిగా అదిమింది.

కృష్ణవేణమ్మ వేళ్ళకు తగిలింది. తన దానికంటే పెద్దది. కదల్చబోతే కదలలేదు. దాని పక్కన ఇంకొకటి. తడిగా ఏదో తగిలింది, అత్త నొప్పికి పండ్లు బిగబట్టింది.

"దీన్ని ఏ కారూ గుద్దలేదే," అంది ఓబులమ్మ.

"ఎప్పటి నుంచి?"

"నీ పెండ్లి కాకముందు నుంచి చిన్నదిగా ఉండె."

"అత్తా..."

"నీకు రేపు గడ్డే అంటారు. దెబ్బ తగిలింది కాబట్టి. నాకేమంటారో నాకు తెలుసు. దొరసానమ్మ నిన్ను చూసినంక నా కొడుకు ఊరుకుంటాడా? అమ్మా నీకేమన్నా ఉండాదా అని అడగడా? అడిగితే ఏం చెప్పల్ల నేను?" ఆమె కోడలి మణికట్టు వదలలేదు. "ఎవురితో అన్నా అన్నావంటే నా మీద ఒట్టు."

కృష్ణవేణమ్మకు ఒక్కసారిగా అంతా కోపమే అయింది. ఈ మనిషి మీద, ఆ చిన్నమ్మను కొట్టంలో వేసినవాళ్ళ మీద, నోటికి రాని మాటల మీద. ఆ కోపంలోనే అత్తను దగ్గరికి లాక్కుంది. ముసలిదాని ఒళ్ళు ఇంత తేలిగ్గా ఉందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

పడసాల తలుపు ఎవరో తట్టారు.

"తలుపేసుకున్నారెందుకు?" కాశీవిశ్వనాథం గొంతు. ఆ గొంతులో చాన్నాళ్ళ తర్వాత కాస్త ఊపిరి ఆడుతోంది. "గఫూర్ వీధిలోనే ఉండాడు. రేపు కారులో ఎంతమంది పోతాండారో చెప్పల్లంట. నువ్వు ఒకదానివేనా, తోడు ఎవురన్నా వస్తాండారా?"

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. కృష్ణవేణమ్మ చెయ్యి ఇంకా ఆ గడ్డ మీదనే ఉంది.

"ఏమే, నిన్నే అడిగేది," అన్నాడాయన బయట నుంచి. "ఎంతమంది?"